చివరి పదకొండు పేజీలు

ముందే చెప్పేస్తున్నాను. సూళ్లూరుపేటలో సినిమాహాలు ముందు వానలో నిలబడి, పమిట బొడ్లో దోపుకొని మేనేజరుతో పోట్లాడిన మనిషిని నేనే. ఆ వీడియో చూసినవాళ్ళు చూశారు. చూడనివాళ్ళకు నేనే చెబుతున్నాను, నాకేం సిగ్గు లేదు.

నా పేరు డెబోరా. జాకెట్లు కుట్టే షాపు నాది. నాకంటే ముందు మా మేనత్త ఎలిశబెతుది. నాకు పదకొండేళ్ళప్పుడు మా అమ్మ జబ్బు చేసి పోయింది. అప్పటినుంచి నన్ను పెంచిందీ, మిషను తొక్కడం నేర్పిందీ, ‘చెంచమ్మ రేవు’ నవల నా చేతిలో పెట్టిందీ అత్తే.

ఆ నవల ఆ ఏడు ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అత్త వారం వారం ఆ కాగితాలు విడదీసి దాచిపెట్టి, అన్నీ అయ్యాక మిషను మీద కుట్టి, చర్చి క్యాలెండరు అట్ట వేసి పుస్తకం చేసింది. ఆఖరి వారం సంచిక మాత్రం మా ఊరికి రాలేదట. నాయుడుపేటలో ఎవరింట్లోనో ఉందని తెలిసి, పోయి, అక్కడే కూర్చుని నీలం సిరాతో ఎత్తి రాసుకొచ్చింది. పదకొండు పేజీలు. అచ్చు పేజీల కన్నా అవే ఎక్కువ నలిగిపోయాయి, అన్నిసార్లు చదివాను.

చెంచమ్మ పులికాట్ సరస్సులో పడవ నడిపే మనిషి. తుఫానులో, దీవిలో చిక్కుకున్నవాళ్ళ కోసం ఒంటరిగా వెళుతుంది. కూతురు కామాక్షి రేవులో తడుస్తూ రెండు రోజులు నిలబడి ఉంటుంది. మూడో నాడు పొద్దున్నే పడవ వస్తుంది. చెంచమ్మ దిగుతుంది. వెక్కుతున్న కూతుర్ని చూసి ఒక్కటే మాట అంటుంది: “ముందు తల తుడుచుకో, ఆనక ఏడుద్దువుగాని.”

అబ్బ, ఆ మాట. ఎన్నిసార్లు చదివినా మళ్ళీ వెనక్కి తిప్పి చదివేదాన్ని. మా ఇంట్లో అయితే అది ఉప్పులాగా అన్నింట్లోనూ పడేది. నేను పదో తరగతి లెక్కల్లో తప్పినా, పెళ్ళినాడు ఏడ్చినా అత్త నోటి వెంట అదే. నవల ఈవిడకు నా కన్నా ఎక్కువ ఎక్కేసిందే అని నవ్వుకునేదాన్ని. మా ఆయన రవి కుమార్ ఆటో వెనక కూడా ఆ మాటే రాయించి, కింద ‘చెంచమ్మ’ అని పేరు పెట్టించాను. దారిన పోయేవాళ్ళు అది ఏ షాంపూ అని ఆయన్ను అడుగుతుంటారు.

అలాంటిది, ఆ నవల సినిమాగా వస్తోందని తెలిస్తే నేను ఊరుకుంటానా? ఆ వారం ఇద్దరి జాకెట్లకు చేతులు తారుమారుగా కుట్టాను. సినిమా పుణ్యమా అని నవల కొత్తగా అచ్చయి వచ్చిందని రవి చెబితే, మన దగ్గర అసలుది ఉండగా నకలెందుకని కొట్టిపారేశాను. పైగా మా చర్చి స్త్రీల సమాజం మొత్తాన్నీ మొదటిరోజు మ్యాట్నీకి బయలుదేరదీశాను. ఇరవై ఇద్దరు. పాస్టరమ్మ మొదట ఒప్పుకోలేదు. సినిమాలు మనకెందుకమ్మా, పోయిన నెలలోనే ముగ్గురిని మట్టి చేసుకున్నాం, ఏడుపుగొట్టు కథలు వద్దు అన్నారు.

“చివర్లో తల్లి తిరిగొస్తదమ్మా. పూచీ నాది. రాకపోతే మళ్ళా సమాజంలో నోరెత్తను,” అన్నాను.

చర్చిలో చెప్పిన మాట. నోరెత్తకుండా బతకడం నాకెంత కష్టమో అందరికీ తెలుసు కాబట్టి పాస్టరమ్మ సరేనన్నారు.

రానన్నది ఒక్క అత్తే. మోకాళ్ళన్నది, ఏసీ పడదన్నది, కరెంటు పోతుందన్నది. “పుస్తకం చదువుకున్నాం గదా పాపా, బొమ్మ ఎందుకు చూడాల,” అన్నది. నేను వింటానా? డెబ్భై నాలుగేళ్ళ మనిషిని దాదాపు ఎత్తుకొచ్చి ఆటోలో కూర్చోబెట్టాను. క్యాలెండరు అట్ట పుస్తకాన్ని కూడా సంచిలో పెట్టి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

సినిమా ఎంత బాగుందో. తెర మీద మన సరస్సు, మన తాటిచెట్లు, మన కొంగలు. చెంచమ్మ వేషం వేసిన అమ్మాయి తెడ్డు పట్టుకున్న తీరు చూసి ఈల వేశాను. నాకు ఈల వచ్చని మా సమాజంలో ఎవరికీ తెలియదు. ప్రతి మాటా వాళ్ళకన్నా ముందే నేను చెప్పేస్తుంటే, ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి, “అక్కా, సినిమా నువ్వే చెప్తావా, వాళ్ళని చెప్పనిస్తావా,” అని అడిగాడు. పాస్టరమ్మ కూడా నవ్వారు. అత్త మాత్రం కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

మూడో నాటి పొద్దు వచ్చింది. పొగమంచు. రేవులో కామాక్షి. పడవ మెల్లగా ఒడ్డుకు తగిలింది. నేను పాస్టరమ్మ చెయ్యి పట్టుకొని, “ఇదిగో, ఇప్పుడే,” అన్నాను.

పడవలో ఎవరూ లేరు. ఒక తెడ్డు, అడుగున కాసిన్ని నీళ్ళు. కామాక్షి ఎక్కి ఆ తెడ్డు అందుకుంది. అంతే. పేర్లు పడ్డాయి.

లైట్లు వేసేసరికి ఇరవై ఇద్దరూ ముక్కులు చీదుతున్నారు. “డెబోరా, తల్లి రాలేదే,” అన్నారు పాస్టరమ్మ. నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికి ఎట్లా వచ్చానో తెలియదు. వాన పడుతోంది. మేనేజరు చెంగయ్య గొడుగుతో ఎదురయ్యాడు.

“ఏమయ్యా, ఆఖరి ముక్క యాడ కోసేసినారు?”

“మేమేం కొయ్యలేదమ్మా. వచ్చింది వచ్చినట్టే వేసినాం.”

“చెంచమ్మను చంపే హక్కు మీకెవరిచ్చినారు? కథ తెలవనోళ్ళు సినిమా ఎందుకు తియ్యాల?”

“నేను తియ్యలేదమ్మా, టిక్కెట్లు చింపేవాణ్ణి,” అని ఆ మనిషి మంచిగానే చెప్పాడు. నేను వినలేదు. చుట్టూ జనం చేరారు, ఫోన్లు పైకి లేచాయి. చెంగయ్య లోపలికి పోయి, సినిమావాళ్ళు పంపిన కొత్త పుస్తకం తెచ్చి ఆఖరి పేజీలు తెరిచి పట్టుకున్నాడు. చదివాను. ఖాళీ పడవ, తెడ్డు, అడుగున నీళ్ళు.

“ఇది అచ్చుతప్పు,” అన్నాను.

“నాలుగు పేజీలూ అచ్చుతప్పేనా అమ్మా?”

చెంచమ్మ రాలేదు. ముప్పై అయిదేళ్ళుగా నా కోసం దిగుతున్న మనిషి దిగనే లేదు. అంతమంది ముందు, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.

అప్పుడు వెనకనుంచి ఎవరో నా తల మీద కొంగు వేశారు.

“ముందు తల తుడుచుకో, ఆనక ఏడుద్దువుగాని,” అన్నది అత్త.

నేను అత్త మొహం చూశాను. ఆ మాట నవలలోంచి అత్త నోటికి రాలేదు. అత్త నోట్లోంచే నా నవలలోకి పోయింది.

“నాయుడుపేట?” అన్నాను.

“నేనెప్పుడు పోయినా నాయుడుపేటకి,” అన్నది అత్త. “ఆఖరి సంచిక మనూరికే వచ్చింది. చదివి పొయ్యిలో పెట్టినా. మీ అమ్మ పోయి నెల గూడా కాలా. నువ్వు దినామూ షాపు గడపలో నిలబడి, చెంచమ్మ వస్తదా అత్తా, వస్తదా అత్తా అని ఒకటే అడగడం. రాలేదని నేనెట్ట చెప్పేది? మూడు దినాలు షాపు మూసి రాసినా. నాకేమన్నా రాతలు వస్తాయా? తల్లి పడవ దిగినాక ఏం మాట్లాడాలో తెలవలా. నేనైతే ఏమంటానో అదే రాసేసినా.” ఆపి, కొంగుతో నా చెవులు కూడా తుడిచింది. “అబద్ధం రాసినానని కోపమా?”

నాకు ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. వానలో, మేనేజరు గొడుగు కింద, డెబ్భై నాలుగేళ్ళ మనిషిని వాటేసుకొని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

“అబద్ధమేంది అత్తా. చెంచమ్మ వచ్చింది. మూడు దినాలు షాపు మూసుకొని మరీ వచ్చింది.”

“సరేలే, జలుబు చేస్తది, పద,” అన్నది అత్త. ఆవిడ ముక్కు కూడా ఎర్రగానే ఉంది.

పాస్టరమ్మ నా సంచిలోంచి పుస్తకం తీసుకొని అత్త చేతిలో పెట్టారు. తల్లి తిరిగి రావడం వినకుండా ఎవరూ ఇళ్ళకు పోకూడదన్నారు. నేను నోరెత్తవచ్చని కూడా అప్పుడే అనుమతిచ్చేశారు. చెంగయ్య కుర్చీ వేశాడు. అత్త కళ్ళద్దాలు తుడుచుకొని, టికెట్ల కౌంటరు పక్కన కూర్చుని పదకొండు పేజీలూ చదివింది. మధ్యలో తన అక్షరాలు తనకే అర్థంకాక రెండుసార్లు ఆగితే నేను అందించాను. తల్లి పడవ దిగిన చోట ఇరవై ఇద్దరితో పాటు చెంగయ్య కూడా చప్పట్లు కొట్టాడు.

మర్నాడు రవి కుమార్ పెయింటరు దగ్గరికి పోయి ఆటో వెనక ‘చెంచమ్మ’ చెరిపించి ‘ఎలిశబెతు’ అని రాయించుకొచ్చాడు. అత్త వాకిట్లోకి వచ్చి, వంగి, అక్షరం అక్షరం చూసింది.

“అంత పెద్దగా ఎందుకు రాయించినావు నాయనా,” అన్నది. సాయంత్రం చర్చికి మాత్రం, రెండు వీధుల దూరమే అయినా, ఆటోలోనే పోదామన్నది.