వెనక నుంచి పిలుపు

దొడ్డబళ్ళాపురం మరమగ్గాల షెడ్డులో పరిశోధనకు వచ్చిన లిడియా శబ్దం కొలిచి, కార్మికుల చెవులు పరీక్షించింది. చాలామందికి వినికిడి దెబ్బతిందని, మగ్గాల హోరు తగ్గించమని యజమానికి చెప్పింది. పేర్లు మాత్రం చెప్పలేదు. ఆయన ఒక్కొక్కరినీ వెనక నుంచి పిలిచి చూశాడు. తిరిగి చూడని గురుమూర్తిని పనిలోంచి తీసేశాడు.

సంగతి తెలిసి లిడియాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా వెళ్ళి నిలదీసింది.

"ఆయన చెవులు పోయింది మీ షెడ్డులోనే కదండీ?"

"చెవిటోడు మగ్గం కాడ ఉంటే ప్రమాదం మేడమ్. చెవులు పోయినాయని మీరే చెప్తిరి కదా."

తన పరిశోధనతోనే గురుమూర్తి కడుపు కొట్టాడీ మనిషి. ఆమె విసురుగా బయటికి నడిచింది.

గేటు బయట గురుమూర్తి నిలబడి ఉన్నాడు.

"అన్నా, లేబర్ ఆఫీసుకు పోదాం. నేను సాక్ష్యం చెబుతాను."

ఆయనకు వినబడలేదు. ఆమె చెవి దగ్గరికి వంగి మళ్ళీ చెప్పింది.

"పోదాం పామ్మా," అంటూ ఆయన ఆమె స్కూటరు వెనక ఎక్కాడు.