బొట్టు నిలవాలండీ

మొహిద్దీన్ పని రానివాడు కాదు. మాట వినిపించుకోని రకమా అంటే అదీ కాదు. బొట్టు అన్న ఒక్క మాట దగ్గర కొంప మునిగింది.

దెందులూరు దగ్గర హైవే పక్కన అతనిది కార్ల పాలిష్ షాపు. ఆ పనిలో బొట్టంటే నీటిబొట్టే. బానెట్ మీద చెంబుడు నీళ్ళు పోస్తే బొట్లు గుండ్రంగా నిలబడాలి. నిలబడితే పూత బతికున్నట్టు, నీళ్ళు పలచగా పరుచుకుంటే చచ్చినట్టు. ఇరవై ఏళ్ళుగా షాపులో రోజూ ఇదే మాట.

అబ్బాయిరాజుగారికి బొట్టంటే వేరు. ఆయనది కొల్లేటి పక్కన చేపల చెరువుల ఊరు. తెల్ల కారు కొన్న రోజున భార్య వీరదుర్గ కుంకుమ నూనెలో తడిపి, ఉంగరపు వేలితో బానెట్ మీద బొట్టు పెట్టింది. ఆ ఎండలకి అది పెయింటులోకి ఇంకిపోయింది. ఏడాది తిరక్కుండానే ఆవిడ జ్వరంతో పోయింది. అప్పటినుంచి కూతురు ఇందుజ, తొమ్మిదేళ్ళ పిల్ల, బడికి వెళ్ళేటప్పుడు ఆ బొట్టు మీద వేలు ఆనించందే కారెక్కదు. వాన కొంతా ఎండ కొంతా తినేసి ఈ మధ్య అది వెలిసిపోతోంది. ఆయన బజార్లో దొరికే వ్యాక్స్ రాసి చూశారు, లాభం లేకపోయింది. చివరికి మొహిద్దీన్‌కి ఫోన్ చేశారు.

“బొట్టు నిలవాలండీ. ఎన్నాళ్ళు నిలుస్తుందంటారు?”

మొహిద్దీన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి పనితనం తెలిసిన మనిషి దొరికాడనుకున్నాడు, పాపం.

“వ్యాక్సయితే మన ఎండలకి రెండు నెలలండీ. సీలెంటయితే అయిదారు నెలలు లాగుద్ది. సిరామిక్ కోటింగు అయిదేళ్ళని డబ్బా మీద రాస్తారు గానీ, నన్నడిగితే మూడేళ్ళు. కొంగల రెట్ట పడితే మాత్రం వెంటనే కడిగెయ్యాలండోయ్, అది దేన్నయినా తినేస్తుంది.”

“మూడేళ్ళా!” అన్నారు అబ్బాయిరాజుగారు. “అదే వెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది.”

ఆ రోజు చెరువులో చేపలు పడుతున్నారు. తను కదల్లేక కారుని బావమరిది జగ్గారావు చేత పంపించారు. అతను తాళాలు చేతిలో పెట్టి భీమడోలు బస్సెక్కేశాడు. ఒక్క ముక్క చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా, మహానుభావుడికి!

సిరామిక్ వెయ్యాలంటే ముందు పెయింటు అద్దంలా శుభ్రం చెయ్యాలి. మరక మీద పూత పట్టదు. బానెట్ మధ్యలో ఎర్రటి మరక కనబడింది. కుంకుమని తెలుస్తూనే ఉంది, పూజ చేసిన ప్రతి కారుకీ ఉండేదే. మరకలు అరగదీసే కాంపౌండు రాసి పాలిష్ మిషను తిప్పాడు. మొండిది, ఒక పట్టాన వదల్లేదు. గంటన్నర కూర్చుని వదిలించాడు. ఎక్కడుండేదో చెప్పు చూద్దామని భార్య వహీదాని పిలిచి మరీ చూపించాడు.

మూడో రోజు మధ్యాహ్నం అబ్బాయిరాజుగారొచ్చారు. చెప్పులు విప్పి బానెట్ దగ్గరికి వెళ్ళారు. వంగి చూశారు. అటునుంచి ఇటొచ్చి మళ్ళీ చూశారు.

“బొట్టేదండీ?”

“ఉండండుండండి,” అని మొహిద్దీన్ నవ్వుతూ చెంబుతో నీళ్ళు పోశాడు. తెల్లటి బానెట్ నిండా బొట్లు నిలబడ్డాయి. “చూడండి, ఎంత ముద్దుగా ఉన్నాయో!”

ఆయన ఆ నీళ్ళలోనే అరచెయ్యి పెట్టి తడిమారు. తర్వాత మెల్లగా సంగతంతా చెప్పారు. వింటుంటే మొహిద్దీన్‌కి తనేం చేశాడో తెలిసొచ్చింది. “ఈ చేతుల్తోనే తీశానండీ, నేనే తీశాను,” అని అంత మనిషీ ఏడ్చేశాడు.

“ఊరుకోండి. మీ తప్పేముందండీ, నేనే సరిగ్గా చెప్పలేదు,” అన్నారు అబ్బాయిరాజుగారు. అంత మర్యాద కంటే రెండు తన్నినా బాగుండేది. ఆయన తాళాలు తీసుకోలేదు. “పని ఇంకా అవలేదని పాపకి చెప్తానండీ. రెండ్రోజులు ఇక్కడే ఉండనివ్వండి,” అని రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్నే ఆయన నంబరు నుంచి ఫోనొచ్చింది. మొహిద్దీన్ భయం భయంగా ఎత్తాడు.

“అంకుల్, నేను ఇందుజనండీ. నాన్నగారు స్నానానికెళ్ళారు. మా అమ్మ బొట్టు మీద గట్టిగా రుద్దకండేం? నేనయితే ఊరికే అలా వేలు ఆనిస్తానండీ, అంతే.”

“అలాగేనమ్మా,” అన్నాడు మొహిద్దీన్.