దక్షిణం వాకిలి

చిత్తూరులో మా పాత ఆస్పత్రి ఊరి బయటి కొత్త భవనంలోకి మారిపోయాక, ఆ స్థలంలో ఇళ్లు కట్టడానికి ప్లాను మంజూరైంది. వెనక రేకుల ఇళ్లలో ఉండే మాలాంటి పాత ఆయాలకు, వార్డుబాయిలకు తలా ఒక ఇల్లు వస్తుంది. అందరూ సంబరపడుతుంటే నాకు దిగులు పట్టుకుంది. ఇళ్లను చీటీలు తీసి ఇస్తారట. కాన్పుల వార్డులో పనికి చేరిన నాటినుంచి నా పక్కింట్లోనే ఉన్న గంగులమ్మ ఇప్పుడు ఏ మూలకు పోతుందో. నేను ఇప్పటికే ఎందరినో సాగనంపినదాన్ని.

చీటీల రోజు ఓవర్సీరు మునస్వామి ప్లానును బల్లమీద పరిచాడు.

"చివరి వరస వాకిండ్లు దక్షిణానికి ఉండాయి. అవి మాకొద్దని అందరూ అంటా ఉండారు. కావాలన్నోళ్లకు చీటీ లేకుండానే ఇస్తాం" అన్నాడు.

గంగులమ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది.

"మా ఇద్దరికీ ఆడ పక్కపక్కన ఇయ్యి నాయనా."

"అది యముడి దిక్కు గదమ్మా" అన్నాడు పాత వార్డుబాయి చౌడప్ప.

"ఆస్పత్రిలో ఆయన్ను రోజూ సూసినోళ్లమే గదా చౌడప్పా. వస్తే కాపీ పోస్తాంలే."

అందరూ నవ్వారు. నా భయం మాత్రం ఇంకా పోలేదు.

"నడిమి గోడ మందమా నాయనా? పిలిస్తే ఇనిపిస్తాదా?" అని ఓవర్సీరును అడిగాను.

"సన్న గోడేనమ్మా. గుసగుసలాడినా ఇనిపిస్తాది."

"అయితే ఈ అక్క గురక ఇంక నాకు తప్పదు" అంది గంగులమ్మ.

నవ్వుతూనే ముందుగా నేను సంతకం పెట్టి, కలం ఆమెకు అందించాను.