మిగిల్చిన మందు

నా నోరు పెద్దదని మా వీధి అంతటికీ తెలుసు. ఆవులకు సూది వేయడం నాకు వచ్చని ఆ నోటితోనే చౌడేపల్లె దాకా చాటుకున్నాను.

మా జెర్సీ ఆవు గంగకు జ్వరం వచ్చింది. దగ్గుతూ, మెడ చాచి, నోరు తెరుచుకుని ఊపిరి తీయసాగింది. పశువుల డాక్టరమ్మ అంబిక వచ్చి, డొక్క మీద గొట్టం పెట్టి విని, ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందని చెప్పింది. మెడ కండలో మొదటి సూది తానే వేసి, మిగతావి ఎలా వేయాలో నాకు చూపించింది.

"మొత్తం ఐదు దినాలు వెయ్యాలమ్మా. లేసి మేసినా సరే, నిలపొద్దు. నేను చెప్పేదాకా పాలు కేంద్రానికి పొయ్యొద్దు."

"అంతమాత్రం నాకు తెలీదా డాక్టరమ్మా!" అన్నాను. తెలిసి ఏం వెలగబెట్టానో చూడండి.

మూడో సూది పడిన సాయంత్రం గంగ లేచి పచ్చిగడ్డి కొరికింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. మూడు రోజులుగా పాలు పిండి కాలవలో పారబోస్తుంటే కడుపు తరుక్కుపోయింది మరి.

మరుసటి ఉదయం పక్కింటి ఈశ్వరమ్మ గోడ మీది నుంచి తొంగి చూసింది. ఆమె ఆవూ రెండు రోజులుగా దగ్గుతోంది.

"వసంతక్కా, మీ గంగ బాగా మేస్తాండాదే! ఆ మందేమన్నా మిగిలుండాదా?"

మా వీధిలో పాలలోకి తోడు అడిగినట్టే మందు సీసా అడుగుతారు. లేదన్నవాళ్లను పిసినారి అంటారు. సీసాలో ఇంకా రెండు సూదులకు మందు ఉంది. అది గంగదే. కానీ గంగ లేచింది కదా! పైగా ఆ మాట పడటం నావల్ల కాదు. వెళ్లి ఆమె ఆవుకు ఒక సూది వేసి, సీసా అక్కడే పెట్టి, "రేపు ఇంకోటి ఏస్తా, పిలువు" అన్నాను. ఈశ్వరమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ రోజంతా వీధిలో తల ఎత్తుకుని తిరిగాను. మరునాడు ఆమె పిలవలేదు, వేరెవరితోనో వేయించుకుందిలే అని నేనూ అడగలేదు.

ఆ మరునాడే గంగ మళ్లీ మెడ చాచింది. ఈసారి ముక్కులో నురగ. డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"ఎన్ని సూదులేసినారమ్మా?"

మూడు వేళ్లు చూపించాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రోగం పూర్తిగా సావకముందే నిలిపేసినారమ్మా. మళ్లీ పెరిగి ఊపిరితిత్తులంతా పాకింది," అంటూ వేరే మందు ఎక్కించింది. మధ్యాహ్నానికి గంగ నా ఒడిలో తల పెట్టి కళ్లు తేలేసింది. నాలుగు ఈతలు ఈనిన నా తల్లి. చేజేతులా చంపుకున్నాను.

డాక్టరమ్మ వెళ్లాక ఈశ్వరమ్మ వచ్చి నా పక్కన కూలబడింది. ఏడ్చి ఏడ్చి, చివరికి కొంగుముడి విప్పి సీసా తీసింది.

"మా ఆవు ఒక్క సూదికే లేసిందక్కా. ఇంకో సూదికి మందు మిగిల్చి పెట్టినా. సివరింటి కమలాక్షి వాళ్ల ఆవు కూడా దగ్గతాండాదంట. ఆయమ్మకిచ్చేదా?"

"ఒక్కటేనా!" సీసా లాక్కున్నాను. "ఓసి పిచ్చిదానా, యాల నిలిపితివే?"

ఈశ్వరమ్మ బిత్తరపోయి నన్ను చూసింది.

"నువ్వు మూడేసి నిలిపితివి కదక్కా. నీకు తెలుసునని, నిన్ను సూసే నేనూ నిలిపినా."

గోడ అవతల ఆమె ఆవు దగ్గింది. మొదటి రోజు గంగ దగ్గినట్టే ఉంది. గంగ తల ఒడిలో అలాగే ఉంచుకుని, డాక్టరమ్మకు ఫోన్ కలిపాను.