కావలి పిలుపు

"షూ కొయ్యొద్దు! అది రెంటల్!"

వీర్రాజు అరుపుకి నిఖిల చేతిలో కత్తెర ఆగింది.

ప్రణీత్ కాలు ఆమె ఒళ్ళో ఉంది. తోలు బూటు గడ్డకట్టి పాదానికి అతుక్కుపోయింది. లాగుతుంటే వాడు అరవాలి. అరవడం లేదు. అదే ఆమెను భయపెట్టింది.

"నొప్పి లేస్తలేదా రా?"

"ఏం తెలుస్తలేదక్కా. కాలు నాది కానట్టుంది."

నిఖిల కత్తెర తోలులోకి దింపింది. బూటు చీలింది. లోపల వేళ్ళు మైనం పోసినట్టు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. చుట్టూ మూగిన వాళ్ళలో ఎవరో ముఖం తిప్పుకున్నారు.

"దీనికెవరు కడతారమ్మా?" అంటూ వీర్రాజు మొదట తెగిన బూటు చూశాడు. తర్వాత కాలు చూశాడు. ప్రణీత్‌ను తన కారెక్కించి, డ్రైవర్‌ను పురమాయించి, కిటికీలోకి వంగాడు. "తమ్ముడూ, హాస్పిటల్లో అడిగితే, ఇంటి ముందు మంచు తీస్తుంటే ఇలా అయిందని చెప్పు. ఇక్కడి పేరెత్తావంటే అందరి స్టడీ పర్మిట్లూ పోతాయ్. నీ ఇష్టం మరి."

కారు వెళ్ళిపోయింది. అందరూ మళ్ళీ తుపాకులు ఎత్తుకున్నారు. చెక్క తుపాకులు.

కెనడాలో విన్నిపెగ్‌కి చాలా దూరంలో, చెట్టూ చేమా లేని మంచు మైదానంలో ఒక కోట సెట్ వేశారు. అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో సరిహద్దు కోటలు కాసిన సిపాయిల మీద తీస్తున్న సిరీస్ అది. ఆ సిపాయిలకు జీతం నెలల తరబడి అందేది కాదు. తిండీ బట్టా సరఫరా చేసే కాంట్రాక్టర్లు కుళ్ళిన మాంసం, చిల్లుల బూట్లు పంపి జేబులు నింపుకునేవాళ్ళు. ఆ అన్యాయం మీద హీరో ఉపన్యాసమిచ్చి నిజంగానే ఏడ్చాడు. కట్ చెప్పగానే ఇద్దరు పరుగెత్తుకొచ్చి అతని కాళ్ళకు బ్యాటరీతో వేడెక్కే మేజోళ్ళు తొడిగారు.

వెనక నిలబడ్డ సిపాయిలు మాత్రం తెలుగు స్టూడెంట్లు. ఆ దూరానికి కెమెరాలో టోపీ, కోటు, వీపు కనిపిస్తే చాలు. ముఖం ఎవరిదన్నది, ఆడా మగా అన్నది ఎవరికీ అక్కర్లేదు. వాళ్ళను తెచ్చిందీ, తిండీ బట్టా చూసేదీ వీర్రాజు. మనవాడు కదా అని నమ్మారు. అన్నా అని పిలిచారు.

నిఖిల ఆ పనికి వచ్చింది మాటల కోసం కూడా. బేస్‌మెంట్‌లో ఆమె అద్దెకున్న గదికి ఒకటే కిటికీ. దాన్ని మంచు కప్పేసింది. ఇంట్లో ఉన్న మిగతావాళ్ళు తలా ఒక షిఫ్టు. ఫ్రిజ్‌లో ఎవరి డబ్బా తగ్గిందో చూసి ఎవరు ఇంటికొచ్చారో తెలుసుకోవడమే. తెలుగు గొంతు వినబడేది ఈ మైదానంలోనే. ఆ గొంతుల్లో ఇవాళ ఒకటి తగ్గింది.

మర్నాడు భోజనాల టెంట్‌లో ఉండగా ప్రణీత్ ఫోన్ చేశాడు. నిఖిల స్పీకర్ పెట్టింది.

"రెండు వేళ్ళు తీసేయాలంటున్నరక్కా. నేను మంచు తీస్తుంటే కాలేదు, పనిలో అయిందని చెప్పేసిన. చెప్తేనే పనిలో దెబ్బ తగిలినోళ్ళకిచ్చే కాంపెన్సేషన్ వస్తదంట, ఆ ఆఫీసోళ్ళే మళ్ళ నడిచే దాకా చూసుకుంటరంట. కానీ వీర్రాజన్న నేనసలు సెట్‌కే రాలేదని వాళ్ళకు చెప్పిండు. చూసినోళ్ళు ఉన్నరా అని అడుగుతున్నరు. ఎవరి పేరు చెప్పాలె?"

టెంట్‌లో అందరూ ప్లేట్లలోకి తల దించుకున్నారు.

"నేను మళ్ళ చేస్త," అని నిఖిల ఫోన్ పెట్టేసింది. ఒక్కొక్కరి ముఖంలోకి చూసింది.

"అరె యార్, అట్ల చూడకు," అన్నాడు తనీష్. హైదరాబాద్ కుర్రాడు, ఎప్పుడూ నవ్వించేవాడు, ఇవాళ తల ఎత్తలేదు. "స్టూడెంట్లు వారానికి ఇన్ని గంటలే పని చేయాలని రూల్. మనమందరం దాటినం. సాక్ష్యమంటే ఇంటికి పోయే టికెట్ మనమే బుక్ చేసుకున్నట్టు."

"మరి ఆడి వేళ్ళో?" భీమవరం స్వీటీ ప్లేటు తోసేసింది. "ఇంకోటి వినండి. కాస్ట్యూమ్స్ ఆవిడ నన్నడిగింది, ఉన్ని మేజోళ్ళు వేసుకోలేదేంటని. మనందరి కోసం వీర్రాజన్నకి డబ్బిచ్చేశారంటండీ, వేడి టెంట్‌కి కూడాను! ఆ మేజోళ్ళు ఎవరి కాళ్ళకున్నాయో మరి."

"అన్న కొత్త ట్రక్కు టైర్లకున్నయి," అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు.

"అప్పు తీర్చాలె నేను. ఇంటికి పంపిస్తే ఏం ముఖం పెట్టుకుని పోవాలె?" అన్నాడు తనీష్.

"రేపు నీ కాలైతే?" అంది నిఖిల.

అతను తిండి వదిలేసి లేచాడు. అంతలో వీర్రాజు లోపలికొచ్చాడు. వచ్చినవాడు గుంపును చూశాడు. అర్థం చేసుకున్నాడు.

"రేపటి నుంచి భోజనం ఎవరి పోస్టు దగ్గరికి వాళ్ళకే వస్తుంది. టెంట్‌లో ముచ్చట్లు ఎక్కువైపోయాయ్. ఫోన్లు పొద్దున్నే బాక్సులో వేసేయండి," అని నవ్వాడు. "బిర్యానీ పెట్టిస్తాలే."

మర్నాడు వాళ్ళను మైదానం పొడుగునా నాటినట్టు నిలబెట్టారు. ఇద్దరి మధ్య గొంతు చించుకుని అరిస్తేనే వినబడేంత దూరం. నిఖిలకు ఒక పక్క స్వీటీ టోపీ చుక్కలా కనిపిస్తోంది. ఇంకో పక్క మరో చుక్క. అన్నిటికీ అవతల, కంటికి ఆనీ ఆననంత దూరంలో తనీష్. ఊపిరి కూడా గడ్డకట్టి కనురెప్పల మీద పేరుకుంటోంది. మామూలుగా పేరు పెట్టి పిలిస్తే ఎవరికీ వినబడనంత ఒంటరితనం అది. బతికున్నానని చెప్పుకోవడానికి కూడా మనిషి లేడు.

ఆ రోజు షాట్ కావలి పిలుపు. పాత కాలపు కాపలావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు "ఆల్స్ వెల్!" అని కేక వేసేవాళ్ళట. అంతా క్షేమం అని. ఆ కేక కోట గుమ్మం నుంచి చివరి సిపాయి దాకా పాకాలి. పైన డ్రోన్ తిరుగుతోంది.

స్వీటీ గొంతు గాలిలో తేలి వచ్చింది. "ఆల్స్ వెల్!"

నిఖిల వంతు. నోరు తెరిచింది. మాట రాలేదు.

ఎవరు క్షేమం? ఎక్కడ క్షేమం?

డ్రోన్ ఆమె నెత్తి మీదికొచ్చి ఆగింది. దూరంగా వీర్రాజు చేతులూపుతున్నాడు. నిఖిల అతని వైపు కాదు, అవతలి చుక్క వైపు తిరిగింది. గుండె పగిలేలా అరిచింది.

"ప్రణీత్ కాలు ఇక్కడనే పోయింది! నేను చూసిన! నా పేరు నిఖిల!"

గాలి తప్ప ఏమీ లేదు. తను ఒక్కతే మిగిలిందా?

వెనక నుంచి కేక. "నేనూ చూశానండోయ్! స్వీటీ!"

తర్వాత అవతలి చుక్క. "నేను చూశా! సాకేత్!"

కేక పాకింది. చూసిన, చూశా, చూసినా. ఎవరి యాసలో వాళ్ళు, ఎవరి పేరు వాళ్ళు. దూరమయ్యే కొద్దీ సన్నబడి, చివరికి ఆగింది. తనీష్ మిగిలాడు. అందరూ అటే చూస్తున్నారు.

ఆ తర్వాత దారంలా సన్నని గొంతు వచ్చింది. "చూసిన! తనీష్!"

ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు. చుక్కలు కదిలాయి. ఒకదాని వైపు ఒకటి నడిచి, గుంపై, కోట గుమ్మానికి వచ్చాయి.

"ఏమంటున్నారు వీళ్ళు?" అన్నాడు డైరెక్టర్.

"చలిగా ఉందంటున్నారు సార్," అన్నాడు వీర్రాజు.

"కాదు," అని నిఖిల ఇంగ్లీషులో జరిగిందంతా చెప్పింది. మేజోళ్ళ సంగతి, వేడి టెంట్ సంగతి. "అవి వచ్చేదాకా ఎవరం నిలబడం."

డైరెక్టర్ గడియారం చూసుకున్నాడు. "అది మీకూ మీ సప్లయర్‌కీ మధ్య విషయం," అని వెళ్ళిపోయాడు. కోట లోపల హీటర్ల టెంట్ జిప్పు మూసుకుంది.

వీర్రాజు ముఖంలోంచి అన్న మాయమయ్యాడు. "పోండి! బట్టలక్కడ పడేసి పోండి! ఇంకో బస్సు నిండా జనం వస్తున్నారు. ఈ దేశంలో కాలేజీలకు కొదవా, ఆకలికి కొదవా?"

కోట్లు విప్పి గుట్ట పోసి, తమ జాకెట్లు వేసుకున్నారు. బాక్సులోంచి ఫోన్లు తీసుకున్నారు. నిఖిల బూట్లు మాత్రం ఇవ్వలేదు. తన స్నో బూట్లు తొడుక్కుని, ఆ తోలు జత చేత్తో పట్టుకుని నడుస్తూ ఫోన్ చేసింది.

"ప్రణీత్, రాసుకో. ముందు నా పేరు. తర్వాత తనీష్. మిగిలినోళ్ళు ఒక్కొక్కరు చెప్తరు."

ఫోన్ చేతులు మారుతూ గుంపంతా తిరిగింది.

రోడ్డెక్కేసరికి బస్సు ఎదురొచ్చింది. నిఖిల మధ్యలో నిలబడింది. తలుపు తెరుచుకుంది. లోపల పంజాబీ పిల్లలు, ఫిలిపినో పిల్లలు, నైజీరియా పిల్లలు. వెనక నుంచి ట్రక్కులో వీర్రాజు తరుముకొచ్చాడు.

"పోనీయ్! ఆగొద్దు!"

మెట్టు మీదున్న పంజాబీ అమ్మాయి హర్లీన్ హిందీలో అడిగింది. "ఏమైంది?"

నిఖిల బూటు ఆమె చేతిలో పెట్టింది. "వాళ్ళు నీకిచ్చేది ఇదే. ఇలాంటిదే తొడిగి మావాడి కాలి వేళ్ళు పోతున్నాయి. చెయ్యి లోపల పెట్టు."

హర్లీన్ గ్లవ్ తీసి చెయ్యి పెట్టింది. వెంటనే లాక్కుంది. వేళ్ళకు మంచు పలుకులు అంటుకున్నాయి. బూటును వెనక సీటుకి అందించింది. అది సీటు సీటుకీ వెళ్ళింది. ఒక్కో చెయ్యి లోపలికి పోతోంది, ఒక్కో భాషలో ఒక తిట్టు బయటికొస్తోంది.

"మీకు డబ్బు కావాలా వద్దా?" వీర్రాజు తలుపు దగ్గర గింజుకున్నాడు.

"కావాలి. కాళ్ళు కూడా కావాలి," అని హర్లీన్ కిందికి దిగింది. ఆమె వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక మరొకరు. రోడ్డు నిండింది.

అందరూ దిగాక డ్రైవర్ ఇంజన్ ఆపాడు. నెరిసిన గడ్డం ఆయనది. తాళంచెవి జేబులో వేసుకుని, గ్లవ్స్ తొడుక్కుని, వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు.