హెర్టా వంతు చొక్కాలు

లిండెన్‌బాఖ్ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ళ చొక్కాలు వారానికొక ఇంటివాళ్ళు ఉతకాలి. క్లబ్బు పెట్టి ఇరవై నాలుగేళ్ళయినా ఆ ఆనవాయితీ తప్పలేదు. ఎవరి దండెం మీద పదకొండు ఆకుపచ్చ చొక్కాలు ఆరుతుంటే ఆ వారం ఆ ఇంటికి కాస్త గొప్ప. 1933 వసంతంలో ఆ ఆదివారం నుంచి హెర్టా వంతు.

ఆట ముగిసి చీకటి పడుతున్నా చొక్కాల మూట రాలేదు. గంగాళంలో నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి.

"మర్చిపోయుంటారులే," అన్నాడు ఆమె భర్త ఇసిడోర్. క్లబ్బు పెట్టిన ఏడుగురిలో ఆయనొకడు.

"మర్చిపోలేదు నాన్నా. పక్కింటి హైనర్ తీసుకెళ్ళాడు. నా మొహం కూడా చూళ్ళేదు," అన్నాడు కొడుకు ఎర్విన్. వాడే జట్టుకు గోల్‌కీపర్.

యూదులకు ఇక ఆ దేశంలో బతుకు లేదనీ, ఇల్లు చూసి పెట్టాననీ సరిహద్దు అవతలి స్ట్రాస్‌బూర్గ్ నుంచి హెర్టా తమ్ముడు రెండు ఉత్తరాలు రాశాడు. ఇసిడోర్ వినడే! "సగం ఊరికి బంతి తన్నడం నేర్పానే. నన్నెవడేం చేస్తాడు?" అంటాడు. బయట తిరిగే గోధుమరంగు చొక్కాల నాజీల కంటే ఆ ధీమాకే హెర్టా ఎక్కువ భయపడేది.

సోమవారం పొద్దున్నే పక్కింటికి వెళ్ళింది. మూట వాకిట్లోనే ఉంది.

"ఈ వారం నా వంతు కదా," అంది.

హైనర్ తల్లి వీధికి అటూ ఇటూ చూసింది. "నువ్వే తీసుకెళ్తున్నావు. నేనివ్వలేదు సుమా."

ఆ మాటకే వెనక్కి తిరగాల్సింది. కానీ పిచ్చితల్లి, శుభ్రంగా ఉతికి ఇస్తే అంతా సర్దుకుంటుందనుకుంది. మోచేతుల దగ్గర బురద మరకలు వేళ్ళు పగిలేలా రుద్దింది. ఊడిన గుండీలు కుట్టి, కాలర్లకు గంజిపెట్టి ఇస్త్రీ చేసింది.

మరుసటి ఆదివారం ముగ్గురూ మైదానానికి వెళ్ళారు. కుర్రాళ్ళంతా ఇళ్ళ నుంచి తెచ్చుకున్న తెల్ల చొక్కాలు తొడుక్కుని ఉన్నారు. ఆమె చేతి కేకులు తిని పెరిగిన హైనర్, పోయిన నెల దాకా 'అత్తా' అని పిలిచినవాడు, బూట్ల తాళ్ళు బిగించుకుంటూ ఇంటిపేరు పెట్టి అన్నాడు:

"అక్కడ పెట్టండి, ష్టెర్న్ గారూ."

మూట ఎవరూ ముట్టుకోలేదు. ఎర్విన్ ఒక్కడే మూటలోంచి తన చొక్కా తీసి తొడుక్కుని గీత పక్కన నిలబడ్డాడు. మాంసం కొట్టువాడి కొడుకు గోలులోకి వెళ్ళాడు. బెంచీ మీద ఇసిడోర్‌కు అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు మెల్లగా లేచి అవతలికి జరిగారు.

"వాడికి బంతి పట్టడం రాదే. చూడు, సగం ఆటకల్లా మనవాణ్ణి పిలుస్తారు," అన్నాడు ఇసిడోర్.

సగం ఆటకు నాలుగు గోల్స్ పడ్డాయి. ఎవరూ రాలేదు. ఎవరూ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది హెర్టాకు.

"ఇంకా రెండో సగం ఉందిగా," అన్నాడాయన బంతి మీంచి చూపు తిప్పకుండానే.

హెర్టా లేచి కొడుకు దగ్గరికి నడిచింది.

"ఆ చొక్కా విప్పెయ్ నాన్నా. రేపు పొద్దున బండికి నువ్వూ నేనూ మామయ్య దగ్గరికి వెళ్దాం."

"మరి నాన్నో?"

"నిన్ను ఆటకు పిలిచేదాకా ఆయన ఇక్కణ్ణుంచి కదలడట," అంది హెర్టా, కొడుకు గుండీలు విప్పుతూ.