తెంచని దారం

వీధి మలుపులో దర్జీ అక్క కుట్టుమిషను పొద్దున్నే మొదలయ్యేది, రేకుల మీద వాన పడ్డట్టు. అక్కకి షుగరు. అది పెరిగినప్పుడల్లా నుదురు బరువెక్కి తలనొప్పి వచ్చేది. ఆ నొప్పితో ఏ బట్ట కుట్టినా కుట్లలోంచి నొప్పి కూడా అందులోకి వెళ్ళిపోయేది. అందుకే బస్సు కండక్టరు ఆ రోజు చొక్కా వెనక్కి తెచ్చాడు.

"అక్కా, భుజం దగ్గర నీ తలనొప్పి ఉండిపోయింది. దిగేవాళ్ళని ఎక్కమంటున్నా, ఎక్కేవాళ్ళని దిగమంటున్నా."

"దానికి వేరే కూలి అడగలేదుగా!" అని నవ్వి, ఆమె కుట్టు విప్పి మళ్ళీ వేసిచ్చింది.

నర్సుల కోట్లు సాయంత్రానికల్లా ఇవ్వాలి. పొద్దున ఇన్సులిన్ వేసుకుని, ఈ ఒక్కటీ అయ్యాక తింటాలే అనుకుంది. ఒక్కటి తర్వాత ఇంకొకటి. మధ్యాహ్నానికి తల పట్టుకుంది.

"మళ్ళీ పెరిగింది. ఆ ఇన్సులిన్ మందు తేవే," అంది కూతురితో.

"మీటరుతో చూద్దామమ్మా."

"నా తలకంటే మీటరు గొప్పదా? తెమ్మంటే తే!"

అమ్మ ఎప్పుడూ అలా కసిరేది కాదు. కూతురు బిక్కమొహంతో మందు తెచ్చింది.

"నేను వేసుకునేలోపు ఆ కోటు చెయ్యి బిగుతేమో చూడు. దారం తెంచకు, ఇంకా పనుంది."

కూతురు మిషను మీది కోటు చేతిలో తన చెయ్యి దూర్చింది. దారం తెగేదాకా అమ్మ నొప్పి అందులో పారుతూనే ఉంటుందని తెలుసు. షుగరు పెరిగినప్పటి నొప్పి ఎలా ఉంటుందో కూడా తెలుసు: తడి పరుపు నెత్తిన పెట్టినట్టు, ఒకటే దాహం. ఇది అది కాదు. కణతలు టపటపా కొట్టుకుంటున్నాయి. చల్లటి చెమట. వేళ్ళు వణుకు. ఆకలి, గోడ సున్నం గీక్కుని తినాలనిపించేంత ఆకలి.

అమ్మ అప్పటికే పొట్ట మీద సూది ఆనించింది.

"ఆగమ్మా! షుగరు పెరగలేదు, పడిపోయింది!"

సూది లాక్కుంది. అమ్మ తలెత్తి, కొత్త మనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది.

"మీరు కొలతలివ్వడానికి వచ్చారా?"

కన్నకూతుర్ని 'మీరు' అంది. కూతురు చేతికున్న కోటుతో సహా వంటింట్లోకి పరిగెత్తింది. వెనకే దారపు ఉండ గిరగిరా తిరిగింది. నీళ్ళలో పంచదార కలుపుతుంటే గ్లాసు వణికింది. ఆ వణుకు అమ్మదో తనదో తెలియలేదు.

"తాగమ్మా. గుటక వెయ్యి. ఇంకొక్కటి."

తాగాక మీటరు పెడితే, అప్పటికీ తక్కువే. ఇంకో గ్లాసు తాగించింది. తన కణతల్లో మోత మెల్లగా దూరమైంది, వీధి చివరికి వెళ్ళిపోతున్న బండిలా.

"ఏమే, దారం ఇల్లంతా ఈడ్చావేంటి?" అంది అమ్మ. "తెంచెయ్యి."

'ఏమే' అనేసరికి కూతురికి ఏడుపు తన్నుకొచ్చింది. కంచంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ముందు తిను."

అమ్మ ముద్ద మింగిన కొద్దీ తన తల తేలికవుతోంది. కత్తెర పక్కనే ఉంది. దాన్ని కాలితో మంచం కిందికి తోసేసింది.